కైటోసాన్ పొర పచ్చి మాంసాన్ని ఎంతవరకు కాపాడుతుంది?

పచ్చి మాంసం చెడిపోవడం దాదాపు ఎప్పుడూ పైభాగంలోనే మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న జంతువు కండరం లోపల సూక్ష్మజీవులు ఇంచుమించు ఉండవు. చర్మం, కత్తి, బల్ల, చేతుల నుంచి అవి కోసిన ముఖానికి అంటుకుంటాయి. చల్లటి చోట, గాలి తగిలే మాంసం మీద ముందుగా పెరిగేది సూడోమోనాస్ అనే బాక్టీరియా. చదరపు సెంటీమీటరుకు సుమారు కోటికి చేరేసరికి వాసన మొదలవుతుంది, తర్వాత జిగురు. జబ్బు తెచ్చే లిస్టీరియా బాక్టీరియా అంతకంటే ప్రమాదం, ఏ వాసనా లేకుండానే ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. శత్రువు పైనే ఉంది కాబట్టి మందును మాంసాన్ని తాకే పొరలో పెట్టాలన్నది ఈ ప్యాకింగ్ వెనకున్న ఆలోచన.

ఇందుకు బాగా అక్కరకొచ్చే పదార్థం కైటోసాన్. రొయ్యలు, పీతల పెంకుల్లోంచి తీసిన కైటిన్‌ను గాఢమైన క్షారంలో వేడిచేస్తే వస్తుంది. పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6.5 కంటే తగ్గినప్పుడు దాని అమైనో సమూహాలు ధనావేశం పొంది, బాక్టీరియా రుణావేశపు పైపొరకు అతుక్కుని దాన్ని దెబ్బతీస్తాయి. మాంసం పీహెచ్ సాధారణంగా 5.4 నుంచి 5.8 వరకు ఉంటుంది, సరిగ్గా దీనికి కావలసినంత.

ప్రయోగశాలలో పొర పోసే పద్ధతి ఇలా ఉంటుంది. 100 మి.లీ. నీటిలో 1 మి.లీ. ఎసిటిక్ ఆమ్లం కలిపి, 2 గ్రాముల కైటోసాన్ వేసి రాత్రంతా కలియబెట్టి వడకట్టాలి. మెత్తదనానికి అర గ్రాము గ్లిజరాల్. ఇది తగ్గితే ఎండిన పొర పెళుసుగా విరుగుతుంది, పెరిగితే వేలికి అంటుకుంటూ సాగిపోతుంది. సూక్ష్మజీవులను చంపే థైమాల్, కార్వక్రాల్ ఉన్న సుగంధ నూనె అర మి.లీ.కి, నూనెను నీటిలో కలిపి ఉంచే ట్వీన్ 80 కొద్దిగా చేర్చి, వేగంగా తిరిగే హోమోజినైజర్‌తో చిలకాలి. తర్వాత వాక్యూమ్‌లో బుడగలు తీయడం మానొద్దు, ఒక్కో బుడగ ఎండాక సూదిబెజ్జం అవుతుంది. పళ్లెంలో పోసి 40 డిగ్రీల్లో ఒకటి రెండు రోజులు ఆరబెట్టాలి. తొందరపడి వేడి పెంచితే నూనె ఆవిరైపోయి ఖాళీ పొర మిగులుతుంది.

ఎండిన పొరలో ఆమ్లం మిగిలే ఉంటుంది, అందుకే మాంసం నుంచి కారే రసంలో అది ఉబ్బి కరిగిపోతుంది. పలుచని క్షారంలో ముంచి కడిగితే నిలబడుతుంది గానీ, ఆ కడుగులో నూనె కొంత పోతుంది. పూర్తిగా తప్పించుకునే దారి లేదు, ఏది ఎంత వదులుకోవాలో లెక్క వేసుకోవాల్సిందే.

పరీక్షించేటప్పుడే చాలామంది పొరబడతారు. బాక్టీరియా పెంచే అగార్ అనే జెల్లీ పళ్లెంలో పొర ముక్క పెట్టి చుట్టూ ఏర్పడే ఖాళీ వలయాన్ని కొలుస్తారు. కైటోసాన్ అగార్‌లోకి పాకదు కాబట్టి వలయం రాకపోవచ్చు, అయినా తాకినచోట చంపుతూనే ఉండొచ్చు. నూనె విషయంలో ఇది తలకిందులు. పళ్లెంలో పెద్ద వలయం వచ్చినా, మాంసంలోని కొవ్వు, ప్రొటీన్లు నూనెను పట్టేసుకోవడంతో అసలు ముక్క మీద ప్రభావం బాగా పడిపోతుంది. మోతాదు పెంచితే మాంసానికి మందు వాసన. బాక్టీరియాను చంపే నిసిన్ అనే చిన్న ప్రొటీన్ వాడితే వాసన సమస్య ఉండదు, లిస్టీరియా మీద బలంగా పనిచేస్తుంది. కానీ సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ జీవుల బయటి పొర దాన్ని లోపలికి రానివ్వదు. ఆ బయటి పొరను వదులుచేసే ఈడీటీఏ అనే రసాయనం తోడైతే కొంత దారి తెరుచుకుంటుంది.

99 శాతం చంపింది అన్న మాట వినడానికి గొప్పగా ఉంటుంది. నూటికి ఒకటి మిగిలిందంటే, మళ్లీ మొదటి లెక్కకు రావడానికి ఏడు రెట్టింపులైనా పట్టవు. ఒక్కో రెట్టింపుకు 8 గంటలు అనుకుంటే దొరికేది రెండు రోజుల పైచిలుకు. చలి సడలితే అదీ ఉండదు. అందుకే ఈ పొర చలికి తోడే తప్ప బదులు కాదు. ఖీమాకైతే ఇది దాదాపు వృథా, రుబ్బినప్పుడే పైనున్న జీవులన్నీ లోపలికి చేరిపోతాయి.

కైటోసాన్ తేమను ఆపలేదు, అందుకే బయట మరో పొర కావాలి. అది పీఎల్ఏ (మొక్కల చక్కెర నుంచి చేసే ప్లాస్టిక్) అయితే, సుమారు 58 డిగ్రీల వేడి ఉండే పారిశ్రామిక కంపోస్టులో విరుగుతుంది. మామూలు మట్టిలో పారేస్తే ఏళ్ల తరబడి పడి ఉంటుంది. కైటోసాన్‌ను మట్టిలోని ఎంజైములు తినేస్తాయి, నూనె ఆవిరైపోతుంది. సూక్ష్మజీవులను చంపడానికి నానో వెండి (అతి చిన్న వెండి కణాలు) కలిపిన పొరల విషయంలో మాత్రం మాకు గట్టి అభ్యంతరం ఉంది. చుట్టూ ఉన్న పొర కరిగిపోయినా వెండి లోహం విచ్ఛిన్నం కాదు, ఎరువుతోపాటు పొలానికి చేరుతుంది.