నెలసరి తొందరగా ఆగిన ఆడవాళ్ళ గుండె: అపోహలు – వాస్తవాలు

బీపీ చూపించుకోడానికి వచ్చిన నలభై ఏళ్ళావిడని "ఆపరేషన్లేమైనా అయ్యాయా అమ్మా?" అనడిగితే, అమలాపురంలోనైనా భీమవరంలోనైనా తరచూ వినబడే జవాబు ఒకటుంది: "సంచి తీసేశారండి." ఎప్పుడు? "మా పెద్దమ్మాయి ఏడో తరగతిలో ఉండగానండి." అండాశయాలు ఉంచారా, తీసేశారా? "ఏమోనండి, మావారికి తెలుసేమో." ఆయనకీ తెలియదు. ఆవిడ గుండె ముప్పు అంచనా వెయ్యడానికి డాక్టర్లమైన మాకు ముందుగా కావలసిన సంగతి మాత్రం అదే.

ఇది అక్కడక్కడా కనబడే సమస్య కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 100కి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది.

అపోహ: "ముట్టు ఎంత తొందరగా ఆగితే అంత సుఖం. పీడ విరగడైనట్టే."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ పిల్లల్ని కనడానికి మాత్రమే కాదు. రక్తనాళాల లోపలి పొరని మెత్తగా, సాగేలా ఉంచుతుంది. చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్‌ని రక్తంలోంచి లాగెయ్యడానికి లివర్‌కి సాయపడుతుంది. అది తగ్గాక ఎల్‌డీఎల్ పెరుగుతుంది, కొవ్వు తుంటి దగ్గర కాకుండా పొట్ట చుట్టూ చేరుతుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు, బీపీ మెల్లిగా పైకి పోతుంది. మన ఆడవాళ్ళలో సహజంగా నెలసరి ఆగేది సుమారు 46–47 ఏళ్ళకి. అప్పుడు కూడా హార్మోన్ కొన్నేళ్ళపాటు ఒడిదుడుకులతో తగ్గుతుంది. రెండు అండాశయాలూ తీసేస్తే కొద్ది రోజుల్లోనే పడిపోతుంది.

మూడు లక్షలమంది ఆడవాళ్ళ వివరాలు కలిపి చూసి 2019లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, 50–51 ఏళ్ళకి నెలసరి ఆగినవాళ్ళతో పోలిస్తే 40 లోపు ఆగినవాళ్ళకి గుండెజబ్బు, పక్షవాతం ముప్పు సుమారు 1.5 రెట్లు, 40–44 మధ్య ఆగినవాళ్ళకి 1.3 రెట్లు ఉన్నట్టు తేలింది. అందరికీ గుండెపోటు వచ్చేస్తుందని దీనర్థం కాదు, దయచేసి బెంగపెట్టుకోవద్దు. పరీక్షలు పదేళ్ళు ముందే మొదలెట్టాలని మాత్రమే అర్థం.

గర్భసంచి తీసి అండాశయాలు ఉంచితే పరిస్థితి వేరు. ముట్టు కనబడదు గానీ హార్మోన్ వస్తూనే ఉంటుంది. కాకపోతే అలాంటివాళ్ళలో అండాశయాలు కొన్నేళ్ళు ముందే అలిసిపోవచ్చు, ముట్టు లేదు కాబట్టి ఆ సంగతి బయటపడదు. ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రపట్టకపోవడం, కలయికలో మంట మొదలైతే చూపించుకోవాలి.

మీ కాగితాలు ఇలా చదవండి

బీరువాలో పాలిథిన్ కవర్లో దాచిన డిశ్చార్జి కాగితం తీయండి. ఆపరేషన్ పేరు దగ్గర టీఏహెచ్ అని ఉంటే పొట్ట కోసి, వీహెచ్ అని ఉంటే కిందనుంచి, టీఎల్‌హెచ్ అని ఉంటే లాప్రోస్కోపీతో గర్భసంచి తీశారు. అసలు చూడాల్సింది ఆ పక్కన. బీఎస్‌ఓ అని ఉంటే రెండు ట్యూబులూ, రెండు అండాశయాలూ పోయాయి. ఆర్‌ఎస్‌ఓ గానీ ఎల్‌ఎస్‌ఓ గానీ ఉంటే ఒకవైపువే పోయాయి. ఉత్త బీఎస్ అంటే ట్యూబులే తీశారు, అండాశయాలు ఉన్నాయి. ఏమీ లేకపోతే బయాప్సీ రిపోర్టు చూడండి. ల్యాబ్‌కి వెళ్ళిన ముక్కల జాబితాలో ఓవరీలు ఉంటే అవి మీ ఒంట్లో లేనట్టే.

లంక గ్రామాలవాళ్ళ కాగితాలు వరదల్లో తడిసి పోవడం మామూలే. అప్పుడు పొట్ట స్కానింగ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలని పనిచేయించే హార్మోన్, అవి పనిమానేస్తే ఇది పెరుగుతుంది) రక్తపరీక్ష చేయిస్తాం. చిన్నబడిన అండాశయం స్కానింగ్‌లో దొరక్కపోవచ్చు, అందుకే రెండూ కావాలి. ఆపరేషన్ లేకుండానే 40 లోపు నాలుగు నెలలుగా ముట్టు రాకపోతే, ముందు గర్భం కాదని తేల్చుకుని, ఎఫ్‌ఎస్‌హెచ్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ చూస్తాం. ఎఫ్‌ఎస్‌హెచ్ 25 దాటి, అనుమానం మిగిలితే 4 నుంచి 6 వారాలకి మళ్ళీ చేయించాలి.

45 లోపు అండాశయాలు పనిమానేశాయని తేలిన రోజునుంచే ఇవి మొదలెట్టండి: బీపీ (140/90 దాటితే ఎక్కువ, ఇంట్లో కొలిస్తే 135/85), నడుం చుట్టుకొలత (80 సెం.మీ. లోపు), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష). అన్నీ బాగుంటే ఏడాదికోసారి చాలు. కొలెస్ట్రాల్ మందు మొదలెట్టాలా వద్దా అన్న ఊగిసలాటలో 40 లోపు నెలసరి ఆగడాన్ని ముప్పు పెంచే అంశంగా లెక్కలోకి తీసుకోమని 2018 అమెరికా మార్గదర్శకాలు చెప్పాయి. చాలామంది ఆ సంగతి డాక్టరుకి చెప్పరు, డాక్టరూ అడగరు. మీరే చెప్పండి.

అపోహ: "హార్మోన్ మాత్రలు వాడితే క్యాన్సర్ వస్తుంది."

తగ్గిపోయిన ఈస్ట్రోజన్‌ని భర్తీ చెయ్యడానికి ఇచ్చే మాత్రలివి. ఈ భయం 2002లో ఆగిపోయిన ఒక అమెరికా పరిశోధన నుంచి పుట్టింది. అందులో ఆడవాళ్ళ సగటు వయసు 63. రొమ్ము క్యాన్సర్ పెరిగింది ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్ అనే రెండో హార్మోన్‌లా పనిచేసే మందు) కూడా వాడినవాళ్ళలో. గర్భసంచి లేనందువల్ల ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్ళలో పెరగలేదు. ఆ లెక్కని 36 ఏళ్ళ అమ్మాయికి అంటగట్టడం అన్యాయం. ఆ వయసులో హార్మోన్ ఇవ్వడమంటే ఒంట్లో ఉండాల్సింది తిరిగి ఇవ్వడమే. ఇబ్బందులేవీ లేకపోతే సుమారు 50 ఏళ్ళదాకా వాడాలి.

గర్భసంచి ఉంటే ప్రొజెస్టెరాన్ తప్పకుండా తోడుండాలి, లేకపోతే సంచి లోపలి పొర మందమై క్యాన్సర్‌కి దారి తీయొచ్చు. గర్భసంచి లేకపోతే సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు. బరువెక్కువ ఉన్నవాళ్ళకీ, మైగ్రేన్ ఉన్నవాళ్ళకీ మాత్ర కంటే చర్మానికి రాసే జెల్ మేలు, దానితో రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. రొమ్ము క్యాన్సర్, కాళ్ళ రక్తనాళాల్లో రక్తపు గడ్డలు, గుండెపోటు, పక్షవాతం, లివర్ జబ్బు, కారణం తెలియని రక్తస్రావం ఉంటే మీ అంతట మీరు మొదలెట్టకూడదు. అరవై దాటాక గుండె కోసమని కొత్తగా మొదలెట్టడం కూడా తప్పే.

అపోహ: "ఆడవాళ్ళకి గుండెపోటు రాదు, అది గ్యాస్."

ఛాతీ నొప్పి ఆడవాళ్ళకీ వస్తుంది. దానితోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, దవడ నొప్పి, రెండు భుజాల మధ్య వీపులో పట్టేసినట్టు ఉండడం, వాంతి, చల్లచెమట, ఎన్నడూ లేని నీరసం వస్తాయి. నెలసరి ఆగినప్పుడు వచ్చే ఆవిరి కొద్ది నిమిషాల్లో పోతుంది, ఒళ్ళు వేడెక్కుతుంది. చల్లచెమటతో ఆయాసం పావుగంట దాటిందంటే ఈనో కలుపుకుని పడుకోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి. అలర్జీ, రక్తస్రావం సమస్య లేకపోతే 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలి మింగించండి. పంటు (పెద్ద పడవ) మీద ఏరు దాటాల్సిన ఊళ్ళలో "తెల్లారాక చూద్దాం" అన్న మాట ప్రాణం మీదకి తెస్తుంది. మొదటి ఈసీజీ బాగుందన్నా బాధ తగ్గకపోతే మళ్ళీ ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష) అడగండి.

మిగతావి క్లుప్తంగా

కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌తో నెలసరి ఆగదు, అండాశయాలకి ఏమీ కాదు. సన్నగా ఉన్నవాళ్ళకీ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. సోయా, అవిసెలు తినండి, కానీ అవి హార్మోన్ మందుకి బదులు కావు. ఊడుపులు ఊడ్చి వచ్చాం కదా అంటే ఊడుపులు ఏడాదంతా ఉండవు. మిగతా రోజుల్లో వారానికి 150 నిమిషాలు కాలువగట్టు మీద వడిగా నడవాలి. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే చెంచాడు. ఆవకాయలోదీ ఎండుచేపలోదీ కూడా అందులోకే వస్తుంది. చుట్ట, సిగరెట్ ఏదైనా నెలసరి ఆగే వయసుని ఇంకా ముందుకి లాగుతుంది.

అపోహ: "తెల్లబట్ట అవుతోంది, సంచి ఉంచితే క్యాన్సర్ అయిపోతుంది."

ఇలా భయపెట్టి చాలామందిని ఆపరేషన్ బల్ల ఎక్కిస్తున్నారు. తెల్లబట్టకి ఎక్కువసార్లు కారణం ఇన్ఫెక్షన్, మందులతో తగ్గుతుంది. క్యాన్సర్ అనుమానమైతే గర్భసంచి ముఖద్వారానికి చేసే పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ చేయించాలి. రక్తస్రావం ఎక్కువైతే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, హార్మోన్ లూప్ (గర్భసంచి లోపల పెట్టే చిన్న పరికరం) ఉన్నాయి. ఫైబ్రాయిడ్ల (గర్భసంచిలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డల) వల్లో క్యాన్సర్ వల్లో ఆపరేషన్ నిజంగా అవసరమయ్యేవాళ్ళు ఉంటారు, వాళ్ళు ఆలస్యం చెయ్యకూడదు. మిగతావాళ్ళు సంతకం పెట్టేముందు రెండో డాక్టరుకి చూపించండి. ఆపరేషన్ తప్పదంటే, ఇంట్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్ల చరిత్ర లేకపోతే, అంగీకార పత్రం మీద ఒక వాక్యం రాయించుకోండి: "అండాశయాలు ఆరోగ్యంగా ఉంటే తీయవద్దు."