రైలింజన్‌ని రోడ్డెక్కించడం: అందరూ బరువే అడుగుతారు

పాత డీజిల్ ఇంజన్ని మ్యూజియంకి తీసుకెళ్తుంటే దారి పొడుగునా జనం అడిగే మొదటి మాట ఒకటే: "ఎన్ని టన్నులుంటుందన్నా?" హైడ్రాలిక్ ట్రైలర్ల మీద పెద్ద లోడ్లు తరలించడం నా పని. ఎక్కువగా ట్రాన్స్‌ఫార్మర్లు, అప్పుడప్పుడు రైలింజన్లు. నిజానికి బరువు గురించి మాకు పెద్ద టెన్షన్ ఉండదు. నిద్ర పట్టనివ్వనిది ఎత్తు. ఆ తర్వాత, క్రేన్ కాళ్ల కింద నేల.

అపోహ: పట్టాల మీదే లాక్కొచ్చేస్తే పోయేదానికి రోడ్డెందుకు?

మ్యూజియం లోపలిదాకా పట్టా ఉంటే మమ్మల్ని పిలవరు. చాలాచోట్ల ఉండదు. మీటర్‌గేజ్ ఇంజన్ల పరిస్థితి మరీ ఘోరం. ఒకప్పుడు మీటర్‌గేజ్‌కి పెద్ద జంక్షనైన గుంతకల్లులో ఇప్పుడు ఆ పట్టా లేదు. వైడీఎం-4 అనే మీటర్‌గేజ్ డీజిల్ ఇంజన్‌కి కావాల్సింది 1000 మిల్లీమీటర్ల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం), ఇప్పుడున్నది 1676, అంటే బ్రాడ్‌గేజ్. దాని చక్రాలు దానికున్నా నడిచే దారి లేదు. బ్రాడ్‌గేజ్ ఇంజనే అయినా, షెడ్డు వెనక ఏళ్లతరబడి ఎండకు ఎండి వానకు తడిసినదాన్ని లైన్ మీదకు తేవాలంటే బ్రేకులు, బేరింగులు, చక్రాల అంచులు అన్నీ చూసి ఫిట్ అని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. ఆ సంతకం అంత తేలిగ్గా దొరకదు.

అపోహ: అంత బరువుకి రోడ్డు కుంగిపోతుంది.

కాజీపేట, గుత్తి షెడ్లలో మనవాళ్లంతా చూసిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్నే తీసుకోండి. 112.8 టన్నులు. పట్టాల మీద ఉన్నప్పుడు 12 చక్రాలు, అంటే ఒక్కో చక్రం కింద 9.4 టన్నులు. అదే ఇంజన్ని 12 యాక్సిళ్ల హైడ్రాలిక్ ట్రైలర్ మీద పెడితే, యాక్సిల్‌కి 8 చొప్పున 96 టైర్లు. ట్రైలర్ సొంత బరువు కలిపినా టైరుకి రెండు టన్నులు కూడా పడవు. రోడ్డు సంగతి అంతే.

వంతెన దగ్గర లెక్క వేరు. అక్కడ టైరు మీద ఎంత పడిందని కాదు, ఒక స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) మీద మొత్తం ఎంత ఉందని చూడాలి. వంతెనల మీద పడే బరువుల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐఆర్‌సీ-6 కోడ్‌లో 385 టన్నుల ప్రత్యేక వాహనం లెక్క ఒకటుంది. ఆ వాహనం గంటకు 5 కిలోమీటర్లు దాటకుండా, వంతెన నడిమి గీతకు 300 మిల్లీమీటర్లకు మించి పక్కకు జరగకుండా పోతుందని, మధ్యలో బ్రేకు పడదని అనుకుని వేసిన లెక్క అది. వంతెన మీద మేం ట్రాఫిక్ అంతా ఆపేసి పెళ్లి ఊరేగింపులా నడిచేది అందుకే. వెనక హారన్ కొట్టేవాళ్లకి ఈ సంగతి తెలీదు పాపం.

అపోహ: బోగీలు విప్పేస్తే ఎత్తు తగ్గిపోతుంది.

ముందు మాట తేడా ఒకటి. మామూలుగా బోగీ అంటే ప్రయాణికుల పెట్టె. మా పనిలో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. ఒకసారి ఫోన్లో "రెండు బోగీలు వేరే లారీలో వస్తాయి" అన్నాను. అవతలి ఆయన రెండు ప్యాసింజర్ పెట్టెలు కూడా వస్తున్నాయనుకుని సంబరపడ్డాడు.

ఇంజన్ ఎత్తు నాలుగు మీటర్ల పైచిలుకు. ట్రైలర్ బెడ్డు దాదాపు మీటరు. కలిపితే ఐదు దాటుతుంది. కరెంటు లైనున్న రైల్వే గేటు దగ్గర రోడ్డుకి అడ్డంగా పైన పెట్టే హైట్ గేజ్ (ఎత్తు హద్దు కమ్మీ) 4.67 మీటర్లు. అంటే రైలింజన్ని ఆపేది రైల్వే గేటే! సరే, బోగీలు తీసేస్తాం. అప్పుడు ఎంత తగ్గుతుంది? డబ్ల్యూడీఎం-2కి రెండు బోగీల మధ్య 5000 లీటర్ల డీజిల్ ట్యాంకు కిందికి వేలాడుతుంటుంది. దాని అడుగు పట్టాలకి కొద్దిపాటి ఎత్తులోనే ఉంటుంది. బోగీలు తీసినా ట్యాంకు బెడ్డుకి తగిలేదాకే బాడీ దిగుతుంది, ఆపైన దిగదు. ట్యాంకు కూడా విప్పాలి. లేదంటే మధ్యలో ఖాళీ ఉండి, ట్యాంకు అందులోకి దిగే ట్రైలర్ దొరకాలి. కాగితం మీద ఎత్తు తగ్గించేసి రోడ్డు మీదకి వచ్చాక తల పట్టుకున్నవాళ్లని చూశాను. ఒకసారి అందులో నేనూ ఉన్నాను.

ఊళ్లో కేబుల్ టీవీ వైర్లని ఎండు వెదురు గడతో పైకెత్తి దాటిస్తాం. 11 కేవీ లైను దగ్గర గడలూ గిడలూ పనికిరావు. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్ అనుమతి) తీసుకుని, సప్లై ఆపి, ఎర్త్ చేసి, చెయ్యి ఊపేదాకా బండి కదలదు.

అపోహ: రెండొందల టన్నుల క్రేన్ ఒకటి తెస్తే చాలు.

ఆ రెండొందలు క్రేన్ ఒంటికి దగ్గరగా ఎత్తినప్పటి మాట. బూమ్ (క్రేన్ చెయ్యి) చాచేకొద్దీ ఆ అంకె పడిపోతుంది. కాబట్టి రెండు క్రేన్లు కావాలి. రెండూ కలిసి ఎత్తేటప్పుడు లోడు ఎప్పుడు ఎటు ఒరుగుతుందో చెప్పలేం, అందుకే దేన్నీ పూర్తి కెపాసిటీకి వాడం. స్లింగులు (ఎత్తే తాళ్లు) బాడీకి ఎక్కడపడితే అక్కడ చుట్టకూడదు. వాటికి అండర్‌ఫ్రేమ్ (బాడీ అడుగు చట్రం) మీద గట్టి చోట్లున్నాయి. డ్రైవర్ క్యాబ్‌కి ఒకవైపు పొడవాటి హుడ్, ఇంకోవైపు పొట్టి హుడ్, అంటే లోపలి యంత్రాలను కప్పే డబ్బాలుంటాయి. పొడవాటి హుడ్ తలుపులు పల్చటి రేకు, స్లింగు ఆనితే అప్పడంలా నలుగుతాయి.

పుస్తకంలో ఉన్న బరువు కూడా నమ్మొద్దు. షెడ్డులో పక్కన పడేసిన ఇంజన్లోంచి ఎవరికి కావాల్సిన పార్టు వాళ్లు ఊడదీసుకుని ఉంటారు. ఒకసారి 50 మిల్లీమీటర్లు ఎత్తి ఆపి చూస్తే ఒక చివర ముందే లేచింది. దించి, కిందికి వంగి టార్చి వేస్తే ఆ వైపు ట్రాక్షన్ మోటార్లు, అంటే చక్రాలను తిప్పే మోటార్లు, రెండు లేవు. లోపల నల్లటి జిడ్డు, ఒక పిచ్చుక గూడు.

ఇంకోచోట మ్యూజియం లాన్ మీద క్రేన్ కాలు దించబోతుంటే తోటమాలి పరుగెత్తుకొచ్చాడు. "బాబూ, దాని కింద సెప్టిక్ ట్యాంకుంది!" డ్రాయింగులో అది లేదు. అప్పటినుంచి సర్వేకి వెళ్తే ఇంజనీరు కంటే ముందు తోటమాలిని కలుస్తాను.

అపోహ: స్టార్ట్ చేసి ట్రైలర్ మీదకి నడిపించొచ్చు.

బ్యాటరీలు ఎప్పుడో పోయుంటాయి. డీజిల్, ఆయిల్, నీళ్లు ముందే దించేస్తాం. ఇంకేం నడుస్తుంది?

అపోహ: దించాక ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. క్రేన్లు వెళ్లిపోయాక, చక్రాల కింద ఆపులు వెల్డింగ్ చేశాక, ఎవరో ఒకరు అడుగుతారు: "పొట్టి హుడ్ గేటువైపుంటే ఫోటోలకి బాగుండేదేమో కదా?" మ్యూజియం సందులో ట్రైలరే తిరగదు, ఇంక ఇంజనెలా తిరుగుతుంది? అందుకే ఇప్పుడు షెడ్డులోనే మ్యూజియంవాళ్లని నిలబెట్టి అడిగి, బాడీ మీద సుద్దతో పెద్దగా రాయిస్తాను: "ఇటు గేటు". పెయింటర్లు వచ్చేదాకా ఆ అక్షరాలు అలాగే ఉంటాయి.