లావు గింజలు ఏరిన మూడేళ్లు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పెరడు రెండు సెంట్లు కూడా ఉండదు. బావిగట్టు, కరివేపాకు చెట్టు, అరటి పిలకలు పోను మిగిలిన జాగాలో చలికాలమంతా పొద చిక్కుడు వేస్తాం. దీనికి పందిరి వేయక్కర్లేదు, కర్రలు పాతక్కర్లేదు. మొక్క మోకాలి ఎత్తుకు వచ్చి ఆగిపోతుంది. గింజలు మా పెద్దమ్మవి. పాత హార్లిక్స్ సీసాలో జల్లించిన బూడిద కలిపి దాస్తుంది. చాటలో పోస్తే అన్నీ ఒక్కలా ఉండవు. గోధుమ రంగువి కొన్ని, ఎర్ర చారలవి కొన్ని, మధ్యలో చిన్న చిన్న నల్ల గింజలు.

ఇది మన పందిరి చిక్కుడు కాదు. అది వేరే జాతి, ఒడియావాళ్లు శింబ అంటారు. ఇది సంతలో బీన్స్. లేతగా కోస్తే బీన్స్ కూర, చెట్టునే ఎండనిస్తే రాజ్మా. పుస్తకాల్లో ఫ్రెంచి చిక్కుడు అని రాస్తారు కానీ వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊళ్లో ఉంటూ సంత మాట వదలడం నాకిష్టం లేదు. పైగా ఫ్రాన్సుకీ దీని పుట్టుకకీ సంబంధం లేదు. మెక్సికో వైపు ఒకసారి, ఆండీస్ కొండల వైపు మరోసారి, విడివిడిగా మనుషులు దీన్ని మచ్చిక చేశారు. కొలంబస్ తర్వాతే సముద్రం దాటింది. మిరపకాయా అలా వచ్చిందే. దాన్ని పరాయిదని ఎవరంటున్నారు?

తీగ రకంలో కొన పెరుగుతూనే ఉంటుంది, పూలు ఆకుల పక్కన వస్తాయి. పొద రకంలో కొనలోనే పూత వచ్చేస్తుంది. ఇక పెరగడానికి కొన మిగలదు. ఈ తేడా అంతా ఒక్క జన్యువులో వచ్చిన మార్పు. బఠానీల మీద లక్షణాల వారసత్వాన్ని లెక్కగట్టి పేరు తెచ్చుకున్న మెండెల్ పొట్టి చిక్కుణ్ణి పొడుగు చిక్కుడుతో కలిపి కూడా చూశాడు. బఠానీల లెక్కే ఇక్కడా కుదిరిందని 1866లో అచ్చయిన తన వ్యాసంలో రాశాడు. కొన ఆగిపోవడం వల్ల మనకు తగిలే ఇబ్బంది ఒకటే: కాపు రెండు మూడు వారాల్లో ఒక్కసారే వచ్చి పడుతుంది. అందుకే మేం పదిహేను రోజులకో వరస చొప్పున పెడతాం.

విత్తనం దాచుకునేవాళ్లకి దీనంత మంచి మొక్క లేదు. గుమ్మడి, బీర గింజలు దాస్తే వచ్చే ఏడు ఏం కాస్తుందో చెప్పలేం. తేనెటీగలు ఎవరి పెరట్లోంచి పుప్పొడి తెచ్చాయో ఎవరికి తెలుసు! చిక్కుడు పువ్వు అలా కాదు. విచ్చుకునే వేళకే లోపల పుప్పొడి రాలి పని ముగిసిపోతుంది. ఎప్పుడో ఒకసారి తుమ్మెద వల్ల కలిసినా కలవచ్చు గానీ, రెండు రకాల మధ్య కాస్త ఎడం వదిలితే ఇంటి అవసరానికి చాలు.

నేను తప్పు చేసింది ఇక్కడే. ఏటా లావు గింజలే ఏరి విత్తనానికి ఉంచి, చిన్నవి వండేశాను. మొదటి ఏడాది గింజలు నిజంగానే లావెక్కాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. రెండో ఏడు, మూడో ఏడు అంతే శ్రద్ధగా ఏరినా రవ్వంత తేడా రాలేదు.

ఇదే పనిని డెన్మార్క్‌లో విల్‌హెల్మ్ జోహాన్సెన్ అనే వృక్షశాస్త్రవేత్త చాలా ఓపికగా చేసి 1903లో ఫలితాలు ప్రకటించాడు. ఆయన తీసుకున్నది కూడా చిక్కుడే, ప్రిన్సెస్ అనే రకం. కలగలుపు గింజల్లోంచి ఒక్కో గింజ సంతానాన్ని వేరుగా పెంచి 19 వంశాలు తయారుచేశాడు. ఒక వంశంలో గింజ సగటు బరువు 0.64 గ్రాములు, ఇంకోదాంట్లో 0.35. వంశానికీ వంశానికీ తేడా తరతరాలూ నిలిచింది. కానీ ఒకే వంశంలో లావు గింజ పెట్టినా, సన్న గింజ పెట్టినా పిల్లల సగటు ఒక్కటే. ఆ లావు, సన్నం ఎరువు వల్లో, కాయలో గింజ ఉన్న చోటు వల్లో వచ్చినవి. విత్తనంలో రాసి ఉన్నవి కావు. జీన్ అనే మాటను 1909లో పుట్టించింది కూడా ఈయనే.

అంటే మొదటి ఏడు నేను చేసింది గింజల్ని బాగుచేయడం కాదు. సీసాలో ఉన్న నాలుగైదు వంశాల్లో ఒకదాన్ని ఉంచుకుని మిగతావి కూర వండుకుతినడం! ఆ తర్వాత ఏరడానికి ఏమీ మిగల్లేదు. పోయినవాటిలో నల్ల గింజలున్నాయి. మా పెరట్లో అన్నిటికంటే ముందు పూతకొచ్చేవి అవే. రాత్రిళ్లు వేడెక్కితే చిక్కుడు పుప్పొడి చెడిపోయి పూత రాలుతుంది. ఫిబ్రవరి చివర్లో మాకు అదే జరుగుతుంది. నల్లవి అప్పటికే కాసి ముగించేవి. ఉన్న లావు రకం ఆ ఏడు కాస్త ఆలస్యమై, పూత అంతా మట్టిపాలైంది.

అసలు ఏరాల్సింది గింజను కాదు, మొక్కను. ఆకులు ముడుచుకుని పచ్చ, పసుపు మచ్చలు పడితే మొజాయిక్ తెగులు. ఆ వైరస్ గింజలోనూ దాక్కుంటుంది, పేనుబంక మోసుకెళ్తుంది. అలాంటి మొక్కను పీకేయాలి. కాయ మీద గుంటపడ్డ నల్ల మచ్చలుంటే ఆ గింజలూ వద్దు. మిగిలిన ఆరోగ్యమైన మొక్కలన్నిటి నుంచీ తలా కొన్ని కాయలు ఉంచాలి.

కాయ చెట్టునే గలగలమనేదాకా ఎండాలి. తేమ ఒక్క శాతం తగ్గితే గింజ ఆయుష్షు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. చల్లదనం అయిదు డిగ్రీలు పెరిగినా అంతే. కొరికితే పంటిగాటు పడకూడదు. పెద్దమ్మ బూడిద కూడా ఉత్త చాదస్తం కాదు. గింజల సందులు పూడితే పురుగు కదల్లేదు, దాని ఒంటి మీది మైనపు పొర గీసుకుపోయి ఎండిపోతుంది. (వండేవాళ్లకి ఒక మాట: ఎండు గింజల్ని నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బాగా మరిగించే తినాలి. సరిగ్గా ఉడకని ఎర్ర రాజ్మా నాలుగైదు గింజలు చాలు, వాంతులు పట్టుకోవడానికి.)

కిందటేడు సిగ్గు విడిచి మళ్లీ పెద్దమ్మ దగ్గరికెళ్లాను. "ఏట్రా, బంగారం ఏరినట్టు ఏరావటగా?" అని నవ్వి, సీసా అడుగుదాకా చెయ్యిపెట్టి గుప్పెడు తీసి నా దోసిట్లో పోసింది. ఒడియావాళ్లు నీళ్లలో చిన్న పడవలు వదిలే కార్తీక పున్నమి నాడు పెట్టాను. వేలి రెండు కణుపుల లోతు, జానెడుకు రెండు గింజలు. నానబెట్టలేదు, ఎండు గింజ ఒక్కసారిగా నీళ్లు పీల్చితే పప్పు పగులుతుంది. వారం తిరిగేసరికి వంకీ తిరిగిన కాడలు మట్టి తోసుకుని పైకొచ్చాయి. నల్ల గింజల మొలకకి కాడ ఊదా రంగులో ఉంటుంది, అప్పుడే గుర్తుపట్టొచ్చు. వంగి వరస పొడుగునా లెక్కపెట్టాను. పదకొండున్నాయి.