వళ్ళువర్ కోట్టం వెనుక ఉన్న స్థపతి

హుస్సేన్ సాగర్ బుద్ధుణ్ణి చెక్కించిన గణపతి స్థపతీ, కన్యాకుమారిలో తిరుక్కురళ్ రాసిన తమిళ కవి తిరువళ్ళువరును నిలబెట్టిన గణపతి స్థపతీ ఒకరేనని పొరబడే తెలుగువారు చెన్నైలోనూ ఉన్నారు. మొదటివారు ఎస్.ఎం. గణపతి స్థపతి. రెండోవారు వి. గణపతి స్థపతి (1927–2011). ఈయన పని చూడటానికి కన్యాకుమారి దాకా పోనక్కర లేదు, టి.నగర్‌కు దగ్గరలోనే నుంగంబాక్కంలో ఆ కవి స్మారకమైన వళ్ళువర్ కోట్టం ఉంది.

ఆధునిక శిల్పకళ ప్రస్తావన వచ్చినప్పుడు ఈయన పేరు అరుదుగా వినబడటానికి కారణం మద్రాసు కళాచరిత్రలోనే ఉంది. 1850లో హంటర్ దొర స్థాపించిన చిత్రకళాశాలకు 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి అధిపతిగా వచ్చాక అక్కడ శిల్పం ఆధునిక కళగా ఎదిగింది. మెరీనాలో నేటికీ కనిపించే ఆయన శ్రామికుల విగ్రహం కంచుది. రాతిపని మాత్రం చాలావరకు గుడులు కట్టే స్థపతుల కుటుంబాల్లోనే ఉండిపోయింది. 1957లో ప్రభుత్వం మామల్లపురంలో శిల్ప శిక్షణాలయం తెరిచి, గణపతి స్థపతి తండ్రి వైద్యనాథ స్థపతికి అప్పగించింది. గణితంలో పట్టా పుచ్చుకున్న కొడుకు ఆ తరువాత అదే బాధ్యత చేపట్టి దీర్ఘకాలం నిర్వహించారు.

దేవుడి కోసం కాక ప్రభుత్వం కోసం రాయి చెక్కవలసి రావడమే ఆయన జీవితంలో మలుపు. తిరువారూరు తేరును పోలిన రాతి రథంతో, తిరుక్కురళ్‌లోని 1,330 కురళ్ళ (రెండేసి పాదాల పద్యాల) చెక్కడంతో వళ్ళువర్ కోట్టం 1976లో పూర్తయింది. కట్టించిన కరుణానిధి ప్రభుత్వం అప్పటికే బర్తరఫ్ కావడంతో ప్రారంభోత్సవం రాష్ట్రపతి చేతుల మీదుగా జరిగింది.

కన్యాకుమారి పని ఇంకా పెద్దది. శంకుస్థాపన 1979లో జరిగినా పని 1990లో గాని మొదలు కాలేదు. ఆవిష్కరణ 2000 జనవరి 1న. కురళ్ 133 అధ్యాయాలకు గుర్తుగా 133 అడుగులు, అందులో ధర్మకాండం 38 అధ్యాయాలకు పీఠం 38 అడుగులు. నడుము ఒంపుతో నిలబడిన ఆ ఎత్తైన రూపంలో బరువు ఎటు దిగుతుందో తేల్చడంలో గణితం చదువు అక్కరకు వచ్చే ఉంటుంది. రాయి ఎంపిక మాత్రం పాత పద్ధతే: సుత్తితో తట్టితే గంటలా ఖంగుమన్నది పురుష శిల, విగ్రహానికి పనికొస్తుంది, బోలుగా మోగినది పక్కకు పోతుంది. ఉలి మొన ఊరికే మొద్దుబారుతుంది కనుక శిల్పి పక్కనే కొలిమి ఉండాలి.

2009లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 2004 సునామీ తాకిడికి కన్యాకుమారి విగ్రహం చెక్కుచెదరలేదు. సముద్రం సహకరించని రోజుల్లో పడవలు అక్కడికి చేరలేకపోతున్నాయని 2024 డిసెంబరులో వివేకానంద శిల నుంచి గాజు వంతెన వేశారు.