నాటు గుర్రపు పిల్ల మేత: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు వీధుల్లో జట్కా బండ్లు పోయాయి గానీ గుర్రాలు పూర్తిగా పోలేదు. పెళ్ళి ఊరేగింపుల కోసమో, ముచ్చటపడో ఏడాది నిండని నాటు గుర్రపు పిల్లను తెచ్చుకునేవారు ఇప్పటికీ పశువైద్యుడినైన నా దగ్గరకు వస్తుంటారు. గేదెను మేపిన అనుభవంతోనే దాన్నీ మేపుతారు. కానీ గుర్రం నెమరు వేసే జంతువు కాదు.

అపోహ: తవుడు పెడితే ఎముక గట్టిపడుతుంది.

వాస్తవం: ఎముకను గుల్ల చేసేది ఆ తవుడే. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు రైసు మిల్లులు దగ్గర కాబట్టి తవుడును గంపలకొద్దీ పోస్తారు. అందులో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకు మించి ఉంటుంది. ఎదిగే పిల్లకు కావలసింది ఇందుకు పూర్తిగా విరుద్ధం: భాస్వరం ఒక వంతైతే కాల్షియం ఒకటిన్నర నుంచి రెండు వంతులు. అది అందకపోతే శరీరం తన ఎముకల్లోంచే కాల్షియాన్ని తోడుకుంటుంది. పిల్ల ఈ రోజు ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతుంది. బెణికిందనుకుని నూనె రాస్తారు. ఆ తర్వాత ముఖం రెండు వైపులా ఉబ్బుతుంది. "మొహం నిండుగా వచ్చింది చూడండి డాక్టరుగారూ" అని ఒక పెద్దాయన సంబరంగా చూపించిన రోజున నాకు నోట మాట రాలేదు. ముఖానికి వచ్చిన ఆ వాపు చాలాసార్లు పూర్తిగా పోదు.

పశువుల మేత కోసం పెంచే సూపర్ నేపియర్ గడ్డి ఒక్కటే మేపినా ఇదే ముప్పు. అందులోని ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. లోటు తీర్చడానికి మేతలో కలిపే సున్నపురాయి పొడి వేరు, తాంబూలం సున్నం వేరు. రెండోది నోరు కాలుస్తుంది, దయచేసి పెట్టకండి.

అపోహ: మేకలు తినే సుబాబుల్ ఆకు గుర్రానికీ మంచిదే.

వాస్తవం: ప్రకాశం జిల్లాలో కాగితపు గుజ్జు కోసం వేసిన సుబాబుల్ తోటలు చాలా ఉన్నాయి, ఆకు ఊరికే దొరుకుతుంది. అందులోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి, గిట్టలు దెబ్బతింటాయి. గజ్జి అనుకుని మందులు పూసేవారిని చూశాను. ముందు ఆ ఆకు మాన్పించాలి.

అపోహ: ఉలవలు ఎంత పెడితే అంత బలం.

వాస్తవం: నాటు జాతి కొద్దిపాటి మేతతోనే ఒళ్ళు చేస్తుంది. గింజలు ఎక్కువైతే లేత కీళ్ళపై బరువు పడుతుంది, గిట్టల్లో వాపు వస్తుంది. నానబెట్టి ఉడికించిన ఉలవలు రెండు పూటలా ఒక్కో గుప్పెడు చాలు.

కోళ్ళ దాణా మాత్రం దగ్గరకు కూడా రానివ్వకండి. రక్తపారుడు రాకుండా బ్రాయిలర్ దాణాలో కలిపే కొన్ని మందులు గుర్రం గుండెను దెబ్బతీసి ప్రాణం తీస్తాయి.

మరి ఏం పెట్టాలి? గరిక. మన పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద పెరిగే ఆ గడ్డిని మించింది నాకు కనిపించలేదు. కలుపు మందు కొట్టని చోట కోయాలి. 120 కిలోల పిల్లకు రోజుకు సుమారు 10 కిలోల పచ్చి గరిక, దానితో కాస్త లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత గానీ అలసంద తీగ గానీ. వట్టి వరిగడ్డితో సరిపెడితే పేగుల్లో ఉండకట్టి కడుపు నొప్పి వస్తుంది. కల్లుప్పు, మంచినీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మేత సరిపోతోందో లేదో వారానికోసారి పక్కమీద చేయి వేసి చూడండి: పక్కటెముకలు వేళ్ళకు తగలాలి, కంటికి కనిపించకూడదు.