అంగన్‌వాడీ ఉప్మా, పదిహేనేళ్ల తర్వాత రక్తపరీక్ష

సన్నగా ఉన్న మనిషికి షుగర్ వచ్చిందంటే మన ఇళ్లలో ఇప్పటికీ నమ్మరు. "వాడు తినేదెంతని?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబులో ఒక ముఖ్యమైన ముక్క రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనే దొరికింది. ఆ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1987లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. అప్పటికి 15 ఊళ్లకు అంగన్‌వాడీ ఆహారం అందుతోంది, 14 ఊళ్లకు ఇంకా రాలేదు. అక్కడ పెట్టింది మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనె పోసి చేసిన ఉప్మా. గర్భిణికి రోజుకు 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్. ఆరేళ్లలోపు పిల్లలకు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల ప్రొటీన్. అప్పట్లో చూడాలనుకున్నది పుట్టిన బిడ్డ బరువు పెరుగుతుందా అన్నదే. పెరిగింది, కానీ కొద్దిగానే. 1990తో ఆ పని ముగిసింది.

ఈలోగా ఇంగ్లండ్‌లో డేవిడ్ బార్కర్ అనే వైద్య పరిశోధకుడు హెర్ట్‌ఫర్డ్‌షైర్ మంత్రసానుల పాత రిజిస్టర్లు తిరగేశారు. 1911 నుంచి 1930 మధ్య పుట్టిన మగవాళ్లలో, తక్కువ బరువుతో పుట్టినవాళ్లు, ఏడాది నిండేసరికి కూడా బరువు తక్కువగా ఉన్నవాళ్లు గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారని 1989లో రాశారు. తర్వాత డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. మన బిడ్డ సగటు బరువు 2.7 కిలోలు, అక్కడి బిడ్డది 3.5 కిలోలు. పొట్ట, కండ బాగా తక్కువే. వీపు మీద చర్మం మడతపట్టి కొలిస్తే మాత్రం కొవ్వు అంతగా తగ్గలేదు. అంటే మన బిడ్డ బక్కపలచగా పుడుతుంది, కొవ్వును మాత్రం దాచుకుని పుడుతుంది.

బరువును ఎత్తుతో లెక్కగట్టే బీఎంఐ యూరప్ ఒళ్లను చూసి పుట్టిన కొలత. ఆసియావాళ్లు బీఎంఐ 23 దాటినప్పటి నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. 2009లో మన దేశ నిపుణులు 25 దాటితే ఊబకాయమే అన్నారు. నడుము చుట్టుకొలతకు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 హద్దుగా పెట్టారు.

మళ్లీ మన పల్లెలకు వద్దాం. 2003 తర్వాత పరిశోధకులు ఆ 29 ఊళ్లలో అధ్యయనం రోజుల్లో పుట్టిన పిల్లలను వెతుక్కుంటూ వెళ్లారు. అప్పటికి వాళ్లకు 13 నుంచి 18 ఏళ్లు. 1,165 మందిని పరీక్షించి, ఫలితాలను 2008లో ప్రచురించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లలకన్నా సుమారు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. షుగర్‌కు దారితీసే గుణం, అంటే ఇన్సులిన్‌కు ఒళ్లు మొరాయించడం, వాళ్లలో దాదాపు 20 శాతం తక్కువ. రక్తనాళాలు కూడా కాస్త మెత్తగా ఉన్నాయి. ఒంట్లో కొవ్వులో మాత్రం రెండు రకాల ఊళ్ల పిల్లలకు చెప్పుకోదగ్గ తేడా లేదు! బరువు తూచే మెషీన్ ఎక్కితే ఇవేవీ కనపడవు.

ఊళ్లను చీటీలు తీసి ఎంచలేదు కాబట్టి ఘనతంతా ఉప్మాకే కట్టబెట్టలేం. అంగన్‌వాడీతో పాటు టీకాలు, గర్భిణుల ఆరోగ్య పరీక్షలు లాంటివీ కలిసి ఉంటాయి. అయినా కడుపులో ఉన్నప్పుడు తల్లికి, ఆ తర్వాత బిడ్డకు అందిన తిండి పదిహేనేళ్ల తర్వాత బిడ్డ రక్తంలో కనపడిందంటే చిన్న విషయం కాదు.

ఆ పిల్లలతో పాటు తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా తర్వాత అధ్యయనంలో చేర్చారు. అప్పటి పిల్లలకు ఇప్పుడు నలభై దగ్గరపడుతోంది, మన కుటుంబాల్లో షుగర్ బయటపడే వయసు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. ఆ ఖర్చును షుగర్ నివారణ ఖర్చుగా కూడా లెక్కగట్టాలన్నదే నా వాదన.