జీలకర్ర బెల్లానికి సైన్సు సర్టిఫికెట్ అక్కరలేదు

ఈమధ్య ఒక పెళ్లిలో సుముహూర్తానికి రెండు నిమిషాల ముందు, అడ్డుతెరకు ఇటు కూర్చున్న వరుడి స్నేహితుడు ఫోను చూస్తూ అడిగాడు: "జీలకర్ర బెల్లం తలమీద పెడితే విద్యుత్తు పుట్టి బ్రహ్మరంధ్రం తెరుచుకుంటుందట, నిజమేనా పంతులుగారూ?" అప్పుడు జవాబు చెప్పే తీరిక లేదు. పౌరోహిత్యంలో ఇలాంటివి రోజూ వింటాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: జీలకర్ర బెల్లం వెనుక శాస్త్రీయ రహస్యం ఉంది.

ఉన్నట్టు రుజువు చూపినవారు నాకింతవరకు తారసపడలేదు. మన పెళ్లిళ్లలో చాలావాటికి ఆధారమైన ఆపస్తంబ గృహ్యసూత్రంలోనూ (ఇంట్లో జరిపే సంస్కారాల విధానం చెప్పే ప్రాచీన గ్రంథం) దాని ఊసు లేదు. అది తెలుగువారి ఆచారం. ఈ మాటకు కొందరు పెద్దలు చిన్నబుచ్చుకుంటారు గానీ, అదే గ్రంథంలో, అదీ వివాహ ప్రకరణంలోనే, "ఆవృతశ్చాస్త్రీభ్యః ప్రతీయేరన్" అని ఒక సూత్రం ఉంది. తాను చెప్పని ఆచారాలను ఆడవాళ్లను అడిగి తెలుసుకోమంటున్నాడు సూత్రకారుడు. అందుకే నేను ఏ పెళ్లివారింటికి వెళ్లినా ముందు ఆ ఇంటి పెద్దావిడను వెతుక్కుంటాను. ఐరేని కుండలు ఎక్కడినుంచి తేవాలో, గౌరీపూజ ఎప్పుడో, నాగవల్లి ఉందో లేదో నా పుస్తకాలకంటే ఆమెకే బాగా తెలుసు.

ఇక ఆ ముద్ద సంగతి. జీలకర్ర, బెల్లం కలిపి నూరాక ఏది ఏదో విడదీయలేరు. అంతకంటే పెద్ద రహస్యం దేనికి? ఆ సమయంలో నేను చదివే "ధ్రువం తే రాజా వరుణో" మంత్రం ఋగ్వేదంలో రాజు సింహాసనం మీద స్థిరంగా ఉండాలని చెప్పినది. "నీ రాష్ట్రాన్ని దేవతలు స్థిరంగా నిలుపుదురుగాక" అని దాని భావం. పెళ్లిపీటల మీద ఆ రాష్ట్రం ఆ ఇద్దరి కాపురమే. ఇంతలో ఫొటోగ్రాఫరు "చేతులు తీయకండి, ఇంకొక్కటి" అంటుంటాడు, బెల్లం కరిగి పెళ్లికూతురి పాపిట మీదుగా నుదుటికి జారుతుంటుంది.

అన్నట్టు, మన పెళ్లిళ్లలో శుభలేఖలో అచ్చువేసే ముహూర్తం ఈ క్షణానిదే, తాళి కట్టేవేళది కాదు. "తాళి సమయానికి వస్తాంలే" అనేవారు అసలుదానికి ఆలస్యంగా వస్తున్నారు.

అపోహ: తాళి భర్త ఆయుష్షు కోసం.

కట్టేటప్పుడు చదివే "మాంగల్యం తంతునానేన" వేదమంత్రం కాదు, శ్లోకం. దాని చివరి మాట "త్వం జీవ శరదాం శతమ్". నువ్వు నూరేళ్లు జీవించు అని వరుడు వధువుతో అంటున్నాడు. ఆయుష్షు కోరేది ఆమెకు! ఈ అర్థం చెప్పినప్పుడల్లా పందిట్లో ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు.

అపోహ: మధుపర్కాలంటే ఎర్రంచు తెల్లబట్టలు.

మధుపర్కం తినే పదార్థం. ఇంటికి వచ్చిన పూజ్యుడికి ఇచ్చే పెరుగు, తేనె, నెయ్యి. వరుడికి అది ఇచ్చే సందర్భంలో పెట్టే బట్టలకు ఆ పేరు అంటుకుంది.

అపోహ: సప్తపది అంటే అగ్ని చుట్టూ ఏడు ప్రదక్షిణలు, ఏడు ప్రమాణాలు.

ఇది సీరియళ్ల పుణ్యం. ఉత్తరాది ఫేరాలను, మన ఏడడుగులను కలిపేశారు. మన పద్ధతిలో ప్రదక్షిణలు వేరు, అడుగులు వేరు. అగ్నికి ఉత్తరంగా వధువు చేత కుడికాలు ముందు పెట్టించి వరుడు ఏడడుగులు నడిపిస్తాడు. మొదటిది అన్నం కోసం, రెండోది బలం కోసం, ఐదోది పశుసంపద కోసం... అడుగడుగునా "విష్ణువు నీ వెంట వచ్చుగాక" అంటాడు. ఏడో అడుగు పడ్డాక "సఖా సప్తపదా భవ", అంటే ఏడడుగులు నడిచి నాకు సఖివి కమ్మని. "నా మాట విను" అని ఎక్కడా లేదు. కొందరు వరులు ఉందనుకుంటారు.

చట్టం కూడా ఈ అడుగుల దగ్గరే ఆగింది. సప్తపది ఉన్న సంప్రదాయంలో ఏడో అడుగుతో వివాహం పూర్తయి కట్టుబడి ఉంటుందని 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ చెబుతుంది. తంతేమీ జరపకుండా తెచ్చుకున్న ధ్రువపత్రంతోనే హిందూ వివాహం అయిపోదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ఈ ఘట్టం వచ్చేసరికి పందిరి సగం ఖాళీ, అందరూ భోజనాల దగ్గర ఉంటారు.

అపోహ: పట్టపగలు అరుంధతిని చూపించడం పంతుళ్ల మోసం.

మోసం కాదుగానీ, తొందర. నక్షత్రాలు పొడిచాకే ధ్రువుణ్ణి, అరుంధతిని చూపమన్నాడు ఆపస్తంబుడు. హాలు ఖాళీ చేయాలి గనుక మేం మిట్టమధ్యాహ్నమే ఆకాశంకేసి వేలు చూపిస్తున్నాం. కార్తీక మార్గశిరాల్లో రాత్రి అయినా లాభం లేదు, దాదాపు అర్ధరాత్రి దాటితే గాని అరుంధతి మనకు కనిపించదు. వైశాఖంలో పెళ్లయితే మాత్రం రాత్రి తొమ్మిదికి దంపతులను డాబా మీదకు తీసుకెళ్తాను. ఉత్తరాన గరిటెలా సప్తర్షులు, కాడలో చివరినుంచి రెండో చుక్క వసిష్ఠుడు, ఆయన్ను ఆనుకుని మసకగా అరుంధతి. పోయిన వేసవిలో పెళ్లికూతురు చప్పున పట్టేసింది. పెళ్లికొడుకు కళ్లజోడు కోసం కిందికి పరిగెత్తాడు.